గంటకు పది రూపాయల ఆట

ఆర్మూర్‌లో ఎక్కిన పల్లెవెలుగు బస్సు మిమ్మల్ని మోర్తాడ్ బస్టాండులో దింపి మెట్‌పల్లి దిక్కు వెళ్లిపోయింది. 2005 ఫిబ్రవరి నెల, శుక్రవారం సాయంత్రం. పసుపు తవ్వకాల కాలం. ఊరి చుట్టూ కళ్లాల్లో కడాయిలు పొయ్యిల మీద ఉన్నాయి. ఉడికిన పసుపు వాసన బస్టాండు దాకా వచ్చి బట్టలకు అంటుకుంటున్నది. ఈ ఊరికి ఇంకా రైలు రాలేదు. పెద్దపల్లి–నిజామాబాద్ లైను పూర్తయ్యేది 2017లో. నిజామాబాద్ పోవాలన్నా జగిత్యాల పోవాలన్నా ఈ రోడ్డే దిక్కు. ఆ రోడ్డు పక్కన, ఎరువుల దుకాణానికీ టైలర్ షాపుకీ నడుమ ఉన్న మడిగె ముందు ఆగండి.

షట్టరు మీద ఎస్టీడీ, ఐఎస్డీ, జిరాక్స్ అని పెద్దగా రాసి ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో వీడియో గేమ్స్. గుమ్మం బయట చిన్న పాదాల చెప్పులు కుప్పగా పడి ఉన్నాయి. మీ చెప్పులూ అక్కడే విడిచి లోపలికి రండి.

లోపల ట్యూబ్‌లైటు వెలగదు. తెరలు బాగా కనబడాలని అన్న దాన్ని ఆపేసి ఉంచుతాడు. ఒక పక్క అద్దాల ఫోన్ బూత్, దాని ముందు బల్ల, బల్ల మీద బిల్లు మిషను. ఇంకో పక్క గోడ పొడవునా మూడు టీవీలు. ముందున్న రెండింటికి క్యాసెట్ గేములు, గంటకు పది రూపాయలు. లోపలి మూలన ఉన్న పెద్ద టీవీకి ప్లేస్టేషన్ 2, గంటకు ఇరవై. బెంచీల మీద ఆడేవాళ్లు ఇద్దరిద్దరు, వాళ్ల వెనక నిలబడి చూసేవాళ్లు అంతకు రెండింతలు. చూసినందుకు పైసలు లేవు. జేబులో పది రూపాయలు లేని పోరడు కూడా సాయంత్రమంతా ఇక్కడే ఉండొచ్చు.

అన్న అంటే దుకాణం నడిపే మనిషి. ముప్పై దాటలేదు. షార్జాలో కొన్నేళ్లు ఏసీల పని చేసి వచ్చి ఈ మడిగె కిరాయికి తీసుకున్నాడు. నోటుబుక్కులో పేరు, మొదలైన టైము, అయిపోయే టైము రాస్తాడు. గోడ గడియారం అయిదు నిమిషాలు ముందు నడుస్తుందని పోరలందరికీ తెలుసు, దాని మీద రోజూ లొల్లి జరుగుతుంది.

మొదటి టీవీలో బొమ్మ గడబిడగా వస్తున్నది. అన్న క్యాసెట్ పీకి, అంచున ఉన్న రాగి గీతలను పెన్సిల్ రబ్బరుతో రుద్దుతాడు. పోరలు నోటితో ఊదుతామంటే ఊదనివ్వడు, ఉమ్మి తడికి గీతలు పాడవుతాయంటాడు. పక్కన పడేసిన పాత క్యాసెట్ ఒకటి తీసి, స్క్రూలు విప్పి మీ చేతిలో పెడతాడు. అరచెయ్యంత ప్లాస్టిక్ డబ్బా. లోపల ఉన్నది మాత్రం అగ్గిపెట్టె అంత పచ్చటి పలక, దాని నడుమ గట్టిపడ్డ నల్లటి బొట్టు ఒకటి. ఆటలన్నీ ఆ బొట్టు కింద ఉన్న చిప్‌లో ఉన్నాయి. జపాన్‌లో నింటెండో కంపెనీ 1983లో తెచ్చిన ఫ్యామిలీ కంప్యూటర్‌కు తైవాన్‌లో, చైనాలో తీసిన నకళ్లు ఇవి. మారియో, డక్ హంట్, రోడ్ ఫైటర్, సర్కస్ చార్లీ, ట్యాంకుల బాటిల్ సిటీ. అన్నింటి కంటే ఎక్కువ ఆడేది కాంట్రా.

కాంట్రా ఆడుతున్న ఇద్దరి వెనక నిలబడండి. ఒకడిది నీలం ప్యాంటు సిపాయి, ఇంకొకడిది ఎర్ర ప్యాంటు సిపాయి. మూడో స్టేజికి వచ్చారు, అది జలపాతం. బండ మీంచి బండ మీదికి దుంకుతూ పైకెక్కాలి. ముందున్నవాడు ఎక్కిన కొద్దీ తెర పైకి జరుగుతుంది. వెనకబడ్డవాడు తెర అంచు కిందికి జారితే ఒక ప్రాణం పోతుంది. అందుకు శత్రువు తూటా అక్కర్లేదు, తోటివాడి తొందర చాలు.

"ఆగురా, నన్ను రానీ!" ఎర్ర ప్యాంటు ఆడుతున్నవాడు అరుస్తున్నాడు.

"జల్ది రా మరి. పైనుంచి బండలు పడుతున్నయ్."

నీలం ప్యాంటువాడు ఒకే బండ మీద నిలబడి, తూటాలను తప్పించుకుంటూ వాడి కోసం చూస్తాడు. ఒకడు సుంకెట్ నుంచి సైకిల్ మీద వచ్చినవాడు, ఇంకొకడిది మోర్తాడే. బడిలో తరగతులు వేరు, ఇంటికి పోయే దారులు వేరు. తోటివాడి కోసం ఆగాలని వాళ్లకు ఈ గదిలో ఎవరూ చెప్పలేదు. ఆగకపోతే ఇద్దరూ ఓడిపోతారని ఆ జలపాతమే నేర్పింది.

ఇంతలో బూత్‌లో ఫోన్ మోగింది. గల్ఫ్‌లో శుక్రవారం సెలవు. క్యాంపుల్లో ఉన్నవాళ్లు ఇంటికి ఫోన్ చేసేది ఈ రోజే. ఇక్కడ ఆరు కొడితే దుబాయిలో నాలుగున్నర. అన్న రిసీవర్ ఎత్తి విని, గది వైపు తిరిగాడు.

"ఓరి, నీకేరా. మీ బాపు."

నీలం ప్యాంటువాడు స్టార్ట్ బటన్ నొక్కి ఆట ఆపాడు. రిమోట్ బెంచీ మీద పెట్టి ఉరికాడు. బూత్ తలుపు సరిగా పడదు, మాటలు బయటికి వినబడుతూనే ఉంటాయి. "ఆ బాపూ... మంచిగున్న. అవ్వ మంచిగున్నది. పసుపు తవ్వుతున్నరు. పరీక్షలు వచ్చే నెల. నువ్వు ఎప్పుడొస్తవ్?" గదిలో చప్పుడు తగ్గింది. బెంచీ మీద మిగిలినవాడు స్టార్ట్ నొక్కి తన ఆట తాను ఆడుకోవచ్చు. ఆడడు. నిలిచిపోయిన జలపాతాన్ని చూస్తూ కూర్చుంటాడు. వాళ్ల బాపు మస్కట్‌లో ఉన్నాడు. వాడికీ ఇదే బూత్‌కు ఫోన్ వస్తుంది.

మోర్తాడ్, కమ్మర్‌పల్లి, వేల్పూర్, భీమ్‌గల్, బాల్కొండ. ఈ పట్టీలో గల్ఫ్‌కు మనిషిని పంపని వాడకట్టు దొరకదు. ముందుగా బొంబాయి పోవాలి, అక్కడి నుంచి విమానం. రెండు మూడేళ్లకు ఒకసారి సెలవు. పిల్లలు పెరిగే వయసులో తండ్రి ఒక గొంతుగానే ఉండిపోయిన ఇళ్లు ఎన్నో. ఈ దుకాణాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు ఆ సంగతి తెలియాలి.

మూలనున్న ప్లేస్టేషన్ కూడా గల్ఫ్ నుంచి వచ్చిందే. ఊరి మేస్త్రీ ఒకాయన దుబాయి దేరాలోని నాసర్ స్క్వేర్‌లో కొన్నాడు. అత్తరు సీసాలు, టైగర్ బామ్, మందపాటి దుప్పటితో పాటు కొడుకు కోసం తెచ్చాడు. ఆయన తిరిగి విమానం ఎక్కాక, చదువు పాడవుతుందని తల్లి దాన్ని అన్నకు అమ్మేసింది. దాని వైరు చివర చూడండి. మూడు చదునైన కాళ్ల ప్లగ్గు, ఇంగ్లండు రకం, దుబాయి గోడలకు సరిపోయేది. మన గుండ్రటి రంధ్రాల బోర్డులో పట్టదు కాబట్టి మధ్యలో ఒక కన్వర్టర్ పెట్టాడు. అడ్డంకి ఆ ప్లగ్గు ఒక్కటే. కరెంటు వోల్టేజీ అక్కడా ఇక్కడా దాదాపు ఒకటే. టీవీ సిగ్నల్ పద్ధతీ ఒకటే, దాన్ని పాల్ అంటారు. అమెరికా నుంచి తెచ్చిన మిషనైతే కరెంటు 120 వోల్టులది, సిగ్నల్ వేరే రకం. ఇక్కడి పాత టీవీల్లో బొమ్మ తిన్నగా నిలబడదు. గల్ఫ్ డబ్బాలు నిజామాబాద్, కరీంనగర్ పల్లెల్లో తెచ్చిన రోజే పనిచేయడానికి కారణం ఇది.

ఆ మిషన్లో ఇప్పుడు కుస్తీ నడుస్తున్నది, స్మాక్‌డౌన్. డిస్కు హైదరాబాద్ నుంచి తెచ్చిన కాపీ. ఆ మాట దాచాల్సిన పని లేదు, చిన్న ఊళ్లలో ఈ దుకాణాలు చాలావరకు కాపీ డిస్కుల మీదే నడిచాయి. మెమరీ కార్డు 8 ఎంబీది. అందులో పది పదిహేను మంది పోరల ఆటలు ఎక్కడిదాకా వచ్చాయో అక్కడిదాకా దాచి ఉన్నాయి. ఒకడి ఆట ఇంకొకడు చెరపొద్దన్నది ఇక్కడి కట్టుబాటు. ఒకసారి చెరిపినవాణ్ని నెల రోజులు రానివ్వలేదట.

గుమ్మంలో ఒకావిడ నిలబడింది. చేతులు మోచేతుల దాకా పచ్చగా ఉన్నాయి, పసుపు పని మీంచి నేరుగా వచ్చింది.

"తమ్మీ, మావోడు ఈడున్నడా?"

"ఉన్నడక్కా. పావుగంట మిగిలింది, అయిపోంగనే తోలిస్త."

"రేపు బడి ఉన్నది. వానికి ఇంక పైసలు తీసుకోకు."

"తీసుకోనక్కా."

అన్న నోటుబుక్కులో ఆ పేరు కింద గీత గీశాడు. రేపు వాడు పది రూపాయలు పట్టుకొచ్చినా రిమోట్ ఇవ్వడు. బడి టైములో సంచితో వచ్చినవాణ్ని గుమ్మం దగ్గరే వెనక్కి పంపడమూ ఇక్కడి కట్టుబాటే. దుకాణాలన్నీ ఇలాగే ఉన్నాయని చెప్పలేం. బడి ఎగ్గొట్టిన పోరలను వెనక గదిలో కూర్చోబెట్టినవీ ఉన్నాయి, ఇంట్లో పైసలు దొంగిలించి ఆడిన పిల్లలూ ఉన్నారు. ఇంకో లోటు మీకు ఈపాటికే కనబడి ఉంటుంది. ఈ గదిలో ఒక్క ఆడపిల్ల లేదు. ఊరి ఆటలన్నిట్లాగే ఇది కూడా మగపిల్లలకే దక్కింది.

ఏడు గంటలకు కరెంటు పోయింది. మూడు తెరలూ ఒక్కసారి ముడుచుకుపోయి, నడుమ తెల్లటి చుక్క కాసేపు నిలిచి ఆరిపోయింది. కాంట్రాలో ఆరో స్టేజి దాకా వచ్చినవాళ్ల కష్టమంతా పోయినట్టే. క్యాసెట్ గేముకు దాచుకునే తావు లేదు. "అయ్యో" అని గదంతా ఒక్క గొంతుతో అన్నది. అన్న టార్చి వెలుగులో ఒక్కొక్కరి పేరు ఎదుట మిగిలిన నిమిషాలు రాశాడు. కరెంటు మింగిన నిమిషాలు రేపు ఆడుకోవచ్చు, మళ్లీ పైసలు కట్టే పని లేదు. పోరలు చీకట్లో చెప్పులు వెతుక్కుంటూ ఇళ్లకు పోయారు. షట్టరు దిగింది. ఆ రోజుకు ఆట అయిపోయింది.

ఇదే మడిగె ముందు ఉండి, ఏళ్లు గడవడం చూడండి.

ముందు పోయింది ఫోన్ బూత్. ఇంటింటికీ సెల్ఫోన్ వచ్చింది, బాపు గొంతు నేరుగా అవ్వ కొంగున ఉన్న ఫోన్‌లో వినబడటం మొదలైంది. మడిగె కిరాయి వెళ్లేది ఆ బూత్ పైసలతోనే. వీడియో గేము ఎప్పుడూ దుకాణానికి రెండో సంపాదనే. అన్న రీచార్జ్ కార్డులు పెట్టాడు, సీడీలు అద్దెకిచ్చాడు, ఒక కంప్యూటర్ కొని పాటలు ఎక్కించి ఇచ్చాడు. తర్వాత కంప్యూటర్లు ఇళ్లకూ వచ్చాయి. వైస్ సిటీ, కౌంటర్ స్ట్రైక్, 2006 చివర్లో వచ్చిన ఈఏ క్రికెట్ 07 పెన్‌డ్రైవ్‌లలో ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తిరిగాయి. దుకాణం కాపీ డిస్కు మీద బతికింది, అదే కాపీ ఇంట్లోకి వచ్చాక దుకాణానికి రావాల్సిన అవసరం తీరిపోయింది. మిషన్ లెన్సు అరిగింది. రిమోట్ల లోపలి రబ్బర్లు చచ్చుబడ్డాయి. బాగుచేయడానికి పోయే పైసలు ఆటలో రావడం లేదు.

2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది. అంతవరకు కొలిచి వాడుకున్న డేటా రోజంతా వాడుకునేదైంది. 2018లో పబ్‌జీ ఫోన్‌లోకి వచ్చింది. వంద మంది ఒకేసారి దిగి ఆడే ఆట, చేతిలో ఉన్న ఫోన్‌లో, పైసా కట్టకుండా. పది రూపాయలు పట్టుకుని షట్టరు లేచేదాకా ఎదురుచూసే పోరడు లేకుండా పోయాడు. 2020 మార్చిలో లాక్‌డౌన్ అన్ని షట్టర్లనూ దించింది. కొన్ని మళ్లీ లేచాయి, ఇది లేవలేదు. ఆ ఏడు సెప్టెంబర్ 1న తెలంగాణ ప్రభుత్వ బడుల పిల్లలకు టీశాట్, దూరదర్శన్ యాదగిరిలో డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. పాఠం కోసమని చాలా ఇళ్లలో ఫోన్ కొనిచ్చారు. మరునాడే, సెప్టెంబర్ 2న, కేంద్రం పబ్‌జీని నిషేధించింది. పిల్లలు ఫ్రీ ఫైర్‌కు మారారు. 2021 జూలైలో పబ్‌జీ బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ను ఆపారు. ఒక ఆట పోతే ఇంకో ఆట ఫోన్‌లోకే వచ్చింది. మడిగెకు మాత్రం ఏదీ తిరిగి రాలేదు.

ఇది మోర్తాడ్ ఒక్కదాని కథ కాదు. ఆటల డిస్కులు అమ్మే గేమ్ అన్న పెద్ద సంస్థ 2012 మార్చిలో దివాలా అంచుకు వచ్చి బ్రిటన్, ఐర్లండ్‌లలో 277 దుకాణాలను ఒకేసారి మూసింది. గొలుసు దుకాణాల గతే అదైతే వీధి చివరి ఒంటరి దుకాణం సంగతి చెప్పేదేముంది. అక్కడ దుకాణాన్ని దెబ్బతీసినవాటిలో డౌన్‌లోడ్ ముఖ్యమైంది. 2020 నవంబర్‌లో వచ్చిన ప్లేస్టేషన్ 5లో డిస్కు పెట్టే చోటే లేని రకం కూడా ఉంది. డిస్కు లేకపోతే ఆడేశాక అమ్ముకోవడానికి, మార్చుకోవడానికి, తమ్ముడికి ఇవ్వడానికి చేతిలో వస్తువు ఉండదు. కంపెనీ సర్వర్ ఆపిన రోజు ఆట కూడా పోతుంది. యూబీసాఫ్ట్ కంపెనీ 2024లో ద క్రూ అనే కార్ల ఆట సర్వర్లు ఆపేస్తే, పైసలు పెట్టి కొన్నవాళ్లు కూడా ఇక ఆడలేకపోయారు.

ఇప్పుడు ఈ సాయంత్రానికి రండి. అదే మడిగెలో మొబైల్ కవర్లు, టెంపర్డ్ గ్లాసులు, చార్జర్లు వేలాడుతున్నాయి. కొంచెం ముందుకు నడిస్తే చెట్టు కింద గద్దె మీద నలుగురు పోరలు కూర్చుని ఉన్నారు. నలుగురి చేతుల్లో నాలుగు ఫోన్లు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. వాళ్లు ఒంటరిగా ఆడుతున్నారనుకోకండి, జగిత్యాలలో ఉన్నవాడితో, దుబాయిలో ఉన్న చిన్నాయనతో కలిసి ఒకే జట్టుగా ఆడుతున్నారు. బాపు కూడా ఇప్పుడు వారానికి ఒక్కసారి వచ్చే గొంతు కాదు. బోటిమ్, ఐఎంఓ యాప్‌లలో రోజూ ముఖం కనబడుతుంది. ఇది నిజమైన లాభం, దీన్ని తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం.

కానీ ఆ గద్దె దగ్గర కాసేపు నిలబడి చూడండి. ఒకడి తెర ఇంకొకడికి కనబడదు. వెనక నిలబడి చూసే పోరడికి అక్కడ చోటు లేదు. ఫోన్ లేనివాడు పక్కన కూర్చున్నా వాడికి ఆట లేదు. పావుగంట మిగిలిందని చెప్పే గడియారం లేదు, కరెంటు పోతే ఆగే ఆట కాదు. తల్లి వచ్చి "మావోడికి ఇంక పైసలు తీసుకోకు" అని ఎవరికి చెప్పాలి? ఆడినందుకు పది రూపాయలని గోడ మీద రాసి ఉండేది. ఇప్పుడు ఆట ఉచితం. సిపాయి చొక్కాకు, తుపాకి రంగుకు పైసలు. ఆ పైసలు తండ్రి ఎండలో సంపాదించి పంపిన ఖాతాలోంచి నాలుగంకెల పిన్ కొడితే పోతాయి. పందెం పైసల ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. మంచిదే. అయితే అర్ధరాత్రి దాకా వెలిగే తెరను, కూర్చున్న పట్టున పోయే నాలుగు గంటలను ఏ చట్టమూ చూడదు. వాటిని చూసింది ఆ మడిగెలోని మనిషి. తండ్రి ఏడు సముద్రాల అవతల ఉన్న పిల్లలకు, ఆడుకుంటున్నప్పుడు పక్కనున్న ఒక పెద్ద మనిషిని ఈ ఊరు ఆ దుకాణంతో పాటు పోగొట్టుకుంది.

దుకాణం వ్యాపారంగా తిరిగి రాదు. గంటకు పది రూపాయలతో ఈ రోజు కిరాయి కూడా వెళ్లదు. కానీ ఆ గది తిరిగి రాగలదు. మన నిజామాబాద్ జిల్లాలో ఊరూరా గ్రామాభివృద్ధి కమిటీ ఉంది. గుడికి, బోనాలకు, రోడ్డు మీద లైట్లకు చందా పోగుచేసే శక్తి దానికి ఉంది. ఒక కమ్యూనిటీ హాలు గది, ఒక టీవీ, ఒక సెకండ్‌హ్యాండ్ మిషన్, పైసలు పెట్టి కొన్న అసలు డిస్కులు, ఒక గడియారం, ఒక నోటుబుక్కు, సాయంత్రాలు కూర్చునే ఒక మనిషికి చిన్న జీతం. పసుపు అమ్ముడైన కాలంలో ఊరంతా కలిస్తే ఇది మోయలేని బరువు కాదు. వారంలో సగం సాయంత్రాలు ఆడపిల్లలవి కావాలి, పాత దుకాణం చేయని న్యాయం ఈ గది చేయాలి.

గల్ఫ్‌లో ఉన్న అన్నలకు, బాపులకు ఒక మాట. సెలవు మీద వచ్చేటప్పుడు పిల్లవాడికి పెద్ద ఫోన్ తేవాలని ఉంటుంది. ఈసారి ఫోన్ వద్దు, టీవీకి తగిలించే మిషన్ తెండి. రెండు రిమోట్లు ఉన్నదే కొనండి. ఉన్న నెల రోజుల్లో రెండో రిమోట్ మీరు పట్టుకోండి. తిరిగి పోయేటప్పుడు దాన్ని పక్కింటి పిల్ల చేతికో పిల్లవాడి చేతికో ఇచ్చిపొండి.